మరదలు అడిగిన తేదీ

బాతెల్, వాషింగ్టన్
ఏప్రిల్ 13, 2025

బావా,

ఫోన్ చేద్దామంటే మీ విల్నియస్‌కీ మాకూ పది గంటల తేడా. చేసినా జాహ్నవక్క ఎత్తుతుంది. మేమిద్దరం గంటసేపు మాట్లాడుకున్నాక నీకు మిగిలేది “ఆఁ బావా, బాగున్నావా, ఉంటా మరి” అన్న ముక్కే. అందుకే నువ్వు మొదలుపెట్టిన ఈ ఈమెయిల్ ఉత్తరాల అలవాటే నయం. పైగా ఇవాళ రాసేది అక్కతో చెప్పుకునే కబుర్లు కాదు, వ్యాపారం.

ముందు శుభవార్త. మా మైక్రోస్కోప్‌ని ట్రయల్‌కి తీసుకోవడానికి క్యారీ అనే ఊళ్ళో ఒక ఆస్పత్రి ఒప్పుకుంది. రోగి ఆపరేషన్ టేబుల్ మీద ఉండగానే, కోసి తీసిన కండ ముక్కని మా మెషీన్ కింద పెడతారు. క్యాన్సర్ గడ్డ మొత్తం వచ్చేసిందా, అంచున ఇంకా మిగిలిందా అనేది డాక్టర్‌కి అక్కడికక్కడే తెలిసిపోతుంది. దానికి గుండెకాయ మీ కంపెనీ లేజరే. ఇది నా మాట కాదు, మా బాస్ మార్సీ అందరి ముందూ అంది. నేనేదో ఆ లేజర్ని కని పెంచినట్టు పక్కన కూర్చుని పొంగిపోయాను.

ఇక రెండో సంగతి. ఈ నెల మొదట్లో యూరప్ సరుకు మీద టారిఫ్ ఇరవై శాతం అన్నారు. వారం తిరక్కుండా ఆపేసి, ప్రస్తుతానికి పది అన్నారు. జులైలో ఏమంటారో వాళ్ళకే తెలియదు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? మా ఫైనాన్స్ వాళ్ళు రోజుకో ఎక్సెల్ షీట్ మారుస్తున్నారు. మీటింగ్‌లో ఒకాయన “ఆ లేజరేదో అమెరికాలోనే కొనుక్కుంటే పోతుందిగా” అన్నాడు. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టుంది వరస! ఆ లేజర్ చుట్టూ మెషీన్ కట్టడానికే మాకు రెండేళ్ళు పట్టింది నాయనా అని గట్టిగానే చెప్పాను.

నువ్వు నా అక్క మొగుడివని ఈ ఉద్యోగంలో చేరిన వారమే హెచ్‌ఆర్‌కి రాసిచ్చాను కదా. ఇప్పుడదే నా మెడకి చుట్టుకుంది. లేజర్ గురించి ఏ అనుమానం వచ్చినా మార్సీ “కాల్ యువర్ బ్రదర్-ఇన్-లా” అంటుంది.

ట్రయల్ లేజర్లన్నీ మాకు సెప్టెంబర్‌కల్లా చేతిలో ఉండాలి. మీ వైపు పరిస్థితి ఎలా ఉందో దాచకుండా రాయి. “అంతా ఓకే” అని మాత్రం రాయకు. నువ్వు అంతా ఓకే అన్నావంటే ఏదో కొంప మునిగిందని అక్క చెప్తుంది.

నీ మరదలు
భానుశ్రీ


విల్నియస్
మే 4, 2025

మరదలా,

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. వ్యాపారం అన్నావు గానీ, మా ఇంట్లో ఆమెకి తెలియని వ్యాపారం ఏముంది!

దాచకుండా రాయమన్నావు కాబట్టి మొదటినుంచీ చెప్తా. ఈ లిథువేనియా జనం మొత్తాన్ని తెచ్చి మన హైదరాబాద్‌లో పోస్తే మూడో వంతు కూడా నిండదు. అయినా లేజర్లంటే వీళ్ళది అందెవేసిన చెయ్యి, సోవియట్ కాలం నుంచీ చేస్తున్నారు. నేను హనుమకొండ నుంచి పీహెచ్‌డీకి వచ్చిన కొత్తలో మా కంపెనీ లేజర్లు చాలావరకు చైనాకే పోయేవి. తర్వాత తైవాన్ వాళ్ళని ఇక్కడ ఆఫీసు పెట్టుకోనిచ్చారు, తైవాన్ పేరుతోనే బోర్డు కట్టుకోనిచ్చారు. చైనాకి మస్తు కోపం వచ్చింది. ఒకరోజు పొద్దున చూస్తే వాళ్ళ కస్టమ్స్ కంప్యూటర్‌లో లిథువేనియా అనే దేశమే లేదు! మా పెట్టెలు రేవులో ఆగిపోయాయి. “మీ లేజర్ బాగాలేదు” అని ఎవరూ అనలేదు. “వద్దు” అని కూడా అనలేదు. ఫోన్లు ఎత్తడం మానేశారు, అంతే.

ఆబోతుల పోట్లాటలో లేగదూడలు నలిగినట్టయింది మా పని. కానీ ఈ లేగదూడ మొండిది. మా డైరెక్టర్ రూటా సూట్‌కేసులో లేజర్ పెట్టుకుని తైపే, సియోల్, బోస్టన్, మీ సియాటిల్ అన్నీ తిరిగొచ్చింది. మీ కంపెనీ దొరికింది అలాగే. అంటే చైనా అలగకపోతే నువ్వు నా కస్టమర్‌వి అయ్యేదానివే కాదు.

ఇప్పుడు పక్కనే రష్యా చేస్తున్న యుద్ధం. రష్యా దోస్తు బెలారస్ సరిహద్దు మా ఇంటికి కార్‌లో అరగంట. ఫిబ్రవరిలో రష్యా కరెంటు గ్రిడ్ నుంచి తెంచుకుని యూరప్ గ్రిడ్‌కి కలిశాం. ఆ రోజు లిఫ్ట్ ఎక్కొద్దని మీ అక్క ఆర్డరేసి, బకెట్లనిండా నీళ్ళు పట్టిపెట్టింది. ఒక్క బల్బు కూడా మినుకుమనలేదు. ఆ నీళ్ళతో మూడు రోజులు ఇల్లు కడిగాం.

యుద్ధం వల్ల మా బిల్డింగ్‌లో కొత్తగా ఒక తలుపు వచ్చింది. దాని వెనక డ్రోన్లని పసిగట్టే లేజర్లు చేస్తున్నారు. సర్కారు ఆర్డర్ కాబట్టి దుమ్ము చొరని మా క్లీన్‌రూమ్‌లో సగం అటే పోయింది. నాది ఇండియా పాస్‌పోర్ట్ కదా, నా కార్డుకి ఆ తలుపు తెరుచుకోదు. మా టీమ్ వాళ్ళు లోపలికి పోతూ నాకు చెయ్యి ఊపుతారు. పోనీలే, బయట మైక్రోస్కోప్ లేజర్లకి నేనే రాజుని.

నీ సరుకు సంగతి. లేజర్ లోపలి అద్దాలని జిగురుతో అతికిస్తాం. ఆ జిగురు కుదురుకోవాలంటే ప్రతి లేజర్నీ మూడు వారాలు వేడి గదిలో, చలి గదిలో మార్చి మార్చి నడిపించాలి. నేను దాన్ని నానబెట్టడం అంటాను. పప్పు నానకుండా రుబ్బితే గారె ఎలా ఏడుస్తుందో మీ ఇంట్లో ఎవరినడిగినా చెప్తారు. అందుకే సెప్టెంబర్ మొదటివారానికి ఇస్తా, అంతకన్నా ముందు అడగకు.

బావ
ఉమాకాంత్


బాతెల్
జులై 14, 2025

బావా బావా,

అడగొద్దన్నదే అడుగుతున్నాను, తిట్టుకోకు. ఆగస్టు ఒకటి నుంచి యూరప్ సరుకు మీద ముప్ఫై శాతం అట! మార్సీ మొహం చూడలేకపోతున్నాను. మా ట్రయల్ బడ్జెట్‌లో అంత ఖాళీ లేదు. నెలాఖరులోగా సరుకు విమానం ఎక్కకపోతే లేజర్లు సగానికి తగ్గించేస్తామంటున్నారు. సగం లేజర్లతో ట్రయల్ అంటే ట్రయల్ లేనట్టే.

ఇవాళ మార్సీ అందరి ముందూ “నీ బ్రదర్-ఇన్-లా నీ మాట కాదనడుగా” అంది. కాదనడు అని నేనూ గొప్పగా చెప్పాను. పరువు నీ చేతిలో ఉంది.

జులై ముప్ఫైకల్లా పంపగలవా? నీకు పుణ్యముంటుంది. ఈసారి మీరు బాతెల్ వస్తే రోజూ నాటుకోడి పులుసే.

భాను


విల్నియస్
జులై 30, 2025

భానూ,

నిన్న సాయంత్రం నీ సరుకు విమానం ఎక్కింది. ముప్ఫై కాదు, పదిహేనుకి ఒప్పందం కుదిరిందని వార్తల్లో చెప్పారు, అదీ ఆగస్టు ఒకటి నుంచట. ఏమైతేనేం, నువ్వు అడిగిన తేదీకి పంపించా.

అంతా ఓకే.

బావ


బాతెల్
సెప్టెంబర్ 7, 2025

బావా,

లేజర్లు వచ్చాక రాయడం ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. వచ్చిన రోజు మార్సీ నన్ను కావలించుకుంది. “ఫ్యామిలీ ఈజ్ ఎవ్రీథింగ్” అంది. మన ఫ్యామిలీ గురించి ఆవిడకేం తెలుసు పాపం.

మెషీన్లన్నీ కట్టడం మొదలైంది. నాతో పనిచేసే రఘు ఒక్కొక్కటీ ప్యాక్ చేసి క్యారీకి పంపే ఏర్పాట్లు చూస్తున్నాడు. నేను తెల్లారకముందే ఆఫీస్‌కి వెళ్ళిపోతున్నాను. “నువ్వు ఉద్యోగం చేస్తున్నావా, పాల ప్యాకెట్లు వేస్తున్నావా” అని అనుదీప్ వెక్కిరిస్తున్నాడు. మొగుడు కదా, ఆమాత్రం అనకపోతే ఎలా.

ఒక చిన్న మాట. మీ టెస్ట్‌లో చలి గది ఎంత చల్లగా ఉంటుంది? రాత్రంతా ఆపేసి పొద్దున్నే ఆన్ చేస్తే మీ లేజర్ కుదురుకోవడానికి మామూలుగా ఎంతసేపు పడుతుంది? ఊరికే అడుగుతున్నాను, తొందరేం లేదు.

అక్కని అడిగానని చెప్పు.

భాను


విల్నియస్
సెప్టెంబర్ 24, 2025

భానూ,

ముందు మీ క్షేమం చెప్పు. హెచ్-1బీకి లక్ష డాలర్లంటూ శుక్రవారం నుంచి ఇక్కడ మా గ్రూపుల్లో కూడా ఒకటే లొల్లి. ఇండియాకి బయల్దేరినవాళ్ళు విమానం దిగిపోయారట కదా. కొత్తగా పెట్టుకునేవాళ్ళకే అని తర్వాత చెప్పారని మీ అక్క అంది. ఇద్దరూ జాగ్రత్తగా ఉండండి. పాస్‌పోర్ట్ రంగుని బట్టి మనిషిని చూసే రోజులొచ్చాయి, అక్కడా ఇక్కడా.

నీ ప్రశ్న. మంచి లేజర్ అయితే ఆన్ చేసిన కాసేపట్లో కుదురుకోవాలి. ఎందుకడిగావు? ఏదైనా తేడా ఉందా? ఉంటే చెప్పు.

ఇక్కడ కొత్త తలుపు వెనక పని పెరిగింది. ఏ తయారీ లైన్లు ఉంచాలో ఏవి తీసెయ్యాలో డిసెంబర్‌లోగా తేలుస్తానని రూటా అంది. ప్రతి ఏడూ ఉండే ముచ్చటే, దాని గురించి నువ్వు మనసు పాడుచేసుకోకు.

బావ


బాతెల్
అక్టోబర్ 11, 2025

శ్రీ ఉమాకాంత్ గారికి,

అవును, గారే. నాకు కోపంగా ఉంది. నీ మీద ఎంతో, నా మీద అంత.

నువ్వు పంపిన లేజర్లు నానలేదు బావా. మొదటి వారమే తెలిసింది. పొద్దున ఆన్ చేస్తే బొమ్మలో ఎడమ అంచు మసకబారుతోంది. మధ్యాహ్నానికి గది వేడెక్కాక శుభ్రంగా కనపడుతోంది. మా ల్యాబ్‌లోనే ఏదో ఉందనుకుని నీ పాత లేజర్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. పాతది రాయిలా నిలబడింది. కొత్తవన్నీ ఒకే తీరుగా జరుగుతున్నాయి.

అప్పుడే మార్సీకి చెప్పాలి. చెప్పలేదు. మా బావ సరుకు బాగాలేదని నా నోటితో ఎలా అనను? రోజూ అందరికన్నా ముందొచ్చి, హీటర్ పెంచి, లేజర్లన్నీ ఆన్ చేసి కూర్చున్నాను. జనం వచ్చేసరికి అన్నీ బుద్ధిగా వెలుగుతూ ఉండేవి. తెల్లారకముందే నేను వెళ్ళింది ఇందుకు. ఎవరూ కనిపెట్టలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను, సిగ్గులేకపోతే సరి.

మొన్న రఘు మొదటి మెషీన్‌ని క్యారీకి ప్యాక్ చెయ్యడం మొదలుపెట్టాడు. ఆపరేషన్ థియేటర్ చల్లగా ఉంటుంది బావా. అక్కడ తెల్లారకముందే వెళ్ళి హీటర్ పెంచే మరదలు ఎవరూ ఉండరు. మసకబారిన అంచులో ఉన్న గడ్డ డాక్టర్‌కి కనపడదు. అంతా వచ్చేసిందని కుట్లు వేసేస్తారు. అటు పక్క టేబుల్ మీద ఉన్న మనిషి ఎవరో, ఎవరి అమ్మో. నేను ఆ పెట్టెకి టేప్ వెయ్యనివ్వలేదు. డాక్యుమెంట్ ఏదో తక్కువైందని అబద్ధం చెప్పి ఆపాను.

సరిగ్గా నిన్ననే అక్క ఫోన్ చేసింది. మా కంపెనీ వచ్చే ఏడాది ఆర్డర్ ఇవ్వకపోతే మీ మైక్రోస్కోప్ లైన్ మూసేస్తారట. మిగతావాళ్ళంతా ఆ తలుపు వెనక పనికి వెళ్ళిపోతారట. నిన్ను మాత్రం అందులోకి రానివ్వరట. ఉద్యోగం పోతే నీ రెసిడెన్స్ పర్మిట్ కూడా పోతుందట. ఏడుస్తూ చెప్పుంటే ఓదార్చేదాన్ని. కూరగాయల ధరలు చెప్పినట్టు చెప్పింది. నాకు భయమేసింది. ఇదా “ప్రతి ఏడూ ఉండే ముచ్చట”?

ఆ లేజర్లు వెనక్కి పంపితే నీ ఉద్యోగం పోవచ్చు. పంపకపోతే ఎవరి ప్రాణమో పోవచ్చు. రాత్రంతా అటూ ఇటూ ఆలోచించాను అని రాస్తే బాగుంటుంది గానీ, నిజం చెప్పాలంటే అంత ఆలోచించాల్సిందేమీ లేదు. నీకు జరగబోయేది తలచుకుని ఏడ్చాను, అంతే.

సోమవారం మీ కంపెనీకి కంప్లయింట్ పంపుతున్నాను. ఇంగ్లీషులో వెళ్ళేదాన్ని నీకోసం తెలుగులో పెడుతున్నాను, ముందు నువ్వు చదువు.

“మీరు జులైలో పంపిన లేజర్లలో చిన్న తేడా కనిపిస్తోంది. గది చల్లబడినప్పుడు కిరణం కొంచెం పక్కకి జరుగుతోంది. బహుశా వేడి, చలి పరీక్ష పూర్తిగా జరగలేదేమో. వీలైతే దయచేసి వీటిని వెనక్కి తీసుకుని సరిచేసి పంపగలరు.”

తేదీ అడిగింది నేను. నానబెట్టకుండా పంపమని అడగలేదు. ఒక్క ముక్క “కుదరదు భానూ” అంటే నేను చచ్చిపోయేదాన్నా?

భానుశ్రీ


విల్నియస్
అక్టోబర్ 12, 2025

భానూ,

రెండుసార్లు చదివాను. మూడోసారి మీ అక్క చదివింది. తర్వాత ఇద్దరం అన్నానికి కూర్చున్నాం. ఆమె చెంబు కొంచెం గట్టిగా పెట్టింది.

నీ కంప్లయింట్ బాగాలేదు. “చిన్న తేడా” ఏంది? చిన్నదైతే వెనక్కి ఎందుకు పంపుతున్నావు? తీసెయ్. “బహుశా” తీసెయ్, “ఏమో” కూడా తీసెయ్. పరీక్ష జరగలేదని నీకు తెలుసు, జరగలేదు అని రాయి. పాత లేజర్ పక్కన పెట్టి చూశావు చూడు, అది అసలైన రుజువు. దాన్నే రాయకుండా వదిలేశావు! ఆ బొమ్మలు రెండూ పక్కపక్కన పెట్టు. “వీలైతే దయచేసి” ఏంది మరదలా, నువ్వు కస్టమర్‌వి. ఇలాంటివి వాడితే ఆస్పత్రిలో ఏమవుతుందో నాకు రాసినట్టే రాయి. రూటాకి మెత్తటి మాటలు అర్థం కావు, గట్టి మాటలంటే గౌరవం.

ఇక నా సంగతి. జులైలో నీ ఉత్తరం వచ్చినప్పుడు వేడి గది మొత్తం డ్రోన్ల సరుకుతో నిండిపోయి ఉంది. నా లేజర్లు లోపల ఉన్నది నాలుగైదు రోజులే. అదే వారం కొరియా వాళ్ళూ తొందరగా కావాలన్నారు. “కుదరదు” అని ఒక్క లైన్ రాసి, నిశ్చింతగా పడుకున్నా. నీ ఉత్తరానికి అదే లైన్ రాద్దామని కూర్చున్నా, చెయ్యి ఆడలేదు. మరదలు నలుగురిలో మాటిచ్చింది, కాదంటే ఆమె మొహం ఎలా ఉంటుందో అనుకున్నా. మొహమాటానికి పోతే ఏమవుతుందో మా అమ్మమ్మ ఒక సామెత చెప్పేది. అది ఆడపిల్లకి రాయదగ్గది కాదు గానీ అక్షరాలా నిజం.

ఉద్యోగం మాట దాచాను, ఔను. నీకు తెలిస్తే ఇలాంటి కంప్లయింట్ రాయలేవని భయపడ్డా. తెలిసీ రాశావు. భానూ, ఇంత గర్వం నాకు ఈ మధ్య దేనికీ కలగలేదు. అద్దం జరిగిందని పొద్దున్నే కనిపెట్టిన కళ్ళు నా టీమ్‌లో ఒక్కరికీ లేవు.

హీటర్ సంగతి మాత్రం మార్సీకి నువ్వే చెప్పుకోవాలి. అందులో నేను నీకు అడ్డం రాలేను. దిద్దిన కంప్లయింట్ రేపే పంపు. నువ్వు మెత్తబడతావేమోనని మీ అక్క భయపడుతోంది.

బావ


బాతెల్
నవంబర్ 8, 2025

బావా,

లేజర్లు మీకు ముట్టాయని తెలిసింది. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే నువ్వు దిద్దినట్టు కంప్లయింట్ పంపి, మార్సీ గదిలోకి వెళ్ళి తలుపేసి మొత్తం చెప్పాను. చివరిదాకా విని, “మొదటి వారమే చెప్పుంటే ఈపాటికి సరైన లేజర్లు వచ్చేసేవి కదా” అంది. అంతకన్నా తిట్టినా బాగుండేది. నా రికార్డ్‌లో రాశారు. రాయనీ, రాయాల్సిన పనే చేశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ నెలాఖరు థాంక్స్‌గివింగ్ లోపల మెషీన్లు పెట్టకపోతే ట్రయల్ వచ్చే ఏడాదికి పోతుందని క్యారీ డాక్టర్ అంటోంది. వచ్చే ఏడాది లేజర్ల ఆర్డర్ మీద మార్సీ ఇంకా సంతకం పెట్టలేదు. కాలిఫోర్నియా కంపెనీ ఒకటి మా వాకిట్లోనే తిరుగుతోంది, వాళ్ళకి టారిఫ్ బాధ లేదు. “ఇరవై నాలుగుకి ఇస్తాడేమో మీ బ్రదర్-ఇన్-లాని అడుగు” అంది మార్సీ. మళ్ళీ అదే మాట!

నీ ఉద్యోగం ఆ ఆర్డర్ మీదే ఉందని నాకు తెలుసు. కాబట్టి బతిమాలను, నాటుకోడి ఆశ పెట్టను. ఉన్నదున్నట్టు అడుగుతున్నాను. పూర్తిగా నానబెట్టి, నవంబర్ ఇరవై నాలుగుకి ఇవ్వగలవా?

భాను


విల్నియస్
నవంబర్ 15, 2025

భానూ,

ఇవ్వలేను.

ఆ మాట ముందు రాసేసి, లేచి వెళ్ళి టీ పెట్టుకుని వచ్చి మిగతాది రాస్తున్నా. అద్దాలన్నీ విప్పి మళ్ళీ అతికించాం. ఇప్పుడు నానుతున్నాయి. డిసెంబర్ రెండో వారం వరకూ వాటిని ఎవరూ ముట్టుకోరు. మార్సీ అడిగినా, నువ్వు అడిగినా, రేపు తెనాలి నుంచి మీ నాన్న దిగి అడిగినా అంతే.

నీ కంప్లయింట్ వచ్చిన రోజు రూటా దాన్ని మీటింగ్‌లో పైకి చదివింది. బొమ్మలు గోడ మీద వేసి చూపించింది. “ఎవరు పంపమన్నారు?” అంది. నేను లేచి నిలబడ్డా. “ఎందుకు?” అంది. “కస్టమర్ మా ఆవిడ చెల్లెలు, కాదనలేకపోయాను” అన్నా. గదిలో ఎవరూ నవ్వలేదు. ఆమె కిటికీ వైపు చూస్తూ, “చైనా వాళ్ళు ఏం తప్పో చెప్పకుండా పోయారు. వీళ్ళు తప్పేదో చెప్పి, సరిచేసి పంపమంటున్నారు. ఇలాంటి కస్టమర్ ఉంటే లైన్ నడపొచ్చు” అంది. నేను ఊపిరి పీల్చుకునేలోపే “ఆర్డర్ వస్తేనే” అని కూడా అంది. సరుకు బయటికి పంపే అధికారం నా దగ్గర్నుంచి తీసేసి వైదోతస్ అనే పెద్దాయనకి ఇచ్చింది. న్యాయమే.

ఇంకో సంగతి. బెలారస్ నుంచి దొంగ సిగరెట్లు కట్టి బెలూన్లు వదులుతున్నారు. అవి వచ్చినప్పుడల్లా మా ఎయిర్‌పోర్ట్ మూసేస్తున్నారు. సిగరెట్ పెట్టెలకి భయపడి విమానాలు ఆగిపోవడం ఎక్కడైనా విన్నావా? అందుకని లేజర్లని వ్యాన్‌లో వేసుకుని నేనే పక్క దేశంలోని రీగా దాకా డ్రైవ్ చేసి, అక్కడ విమానం ఎక్కిస్తా. అంటే మీకు డిసెంబర్ మూడో వారం.

దీనివల్ల ఆర్డర్ పోతే పోతుంది. నాకు తెలుసు, మీ అక్కకీ తెలుసు. ఇద్దరం మాట్లాడుకునే రాస్తున్నా. ఇక్కడ కాకపోతే లేజర్ చేసేవాడికి ఇంకోచోట పని దొరక్కపోదు. దొరికేదాకా మీ అక్క నన్ను పస్తు పెట్టదనే అనుకుంటున్నా. ఈ ఉత్తరం ఉన్నదున్నట్టు మీ మార్సీకి చదివి వినిపించు.

బావ
ఉమాకాంత్


బాతెల్
నవంబర్ 21, 2025

బావా,

వినిపించాను. మార్సీ, రఘు, ఫైనాన్స్ ఆయన, ఫోన్‌లో క్యారీ డాక్టర్. నీ ఉత్తరాన్ని ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చెప్తూ పోయాను. “మీ నాన్న దిగి అడిగినా అంతే” దగ్గర రఘు ఒక్కడే నవ్వాడు.

ఫైనాన్స్ ఆయన వెంటనే కాలిఫోర్నియా వాళ్ళ పేరెత్తాడు, వాళ్ళు ఇరవై రోజుల్లో ఇస్తామన్నారట. “నానబెట్టా, నానబెట్టకుండానా?” అని అడిగాను. ఆయనకి అర్థం కాలేదు. చల్లటి థియేటర్‌లో మసకబారిన అంచు అంటే ఏంటో ఆ రెండు బొమ్మలూ తెరిచి చూపించాను. మొదటి వారం నేను నోరు మూసుకున్నందుకు ఇప్పుడు గొంతు పోయేదాకా మాట్లాడాను. డాక్టర్ అంతా విని, “నాకు ఆ అంచు కనపడాలి. జనవరిలో మొదలుపెడదాం” అంది.

మార్సీ అప్పటికీ ఏమీ తేల్చలేదు. అందరూ వెళ్ళాక నన్ను ఉండమంది.

“నిజం చెప్పు. మీ బ్రదర్-ఇన్-లా ఇంతకుముందు ఎప్పుడైనా నీకు నో అన్నాడా?” అంది.

“మా అక్కతో పెళ్ళయి పదకొండేళ్ళయింది. ఒక్కసారి కూడా అనలేదు” అన్నాను.

“ఉద్యోగం పోతుందని తెలిసీ అన్నాడా?”

“తెలిసే అన్నాడు.”

“అయితే డిసెంబర్ అంటే డిసెంబరే” అని ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని వచ్చే ఏడాది ఆర్డర్ మీద సంతకం పెట్టింది. పైన పడే పదిహేను శాతం టారిఫ్ ఎవరు భరించాలో మీ రూటాతో తనే మాట్లాడుకుంటుందట. సోమవారానికి కాగితం మీకు చేరుతుంది.

కార్‌లోకి వచ్చి కూర్చుని ఏడ్చాను బావా. అనుదీప్‌కి ఫోన్ చేస్తే కంగారుపడి “ఉద్యోగం పోయిందా” అన్నాడు. “పోలేదు, ఎవరిదీ పోలేదు” అన్నాను. అక్కకి నేను చెప్పలేదు, నువ్వే చెప్పు. చెంబు మెల్లగా పెడుతుంది.

మీ రూటాకీ మా మార్సీకీ బుర్ర ఒకే తీరున పనిచేస్తున్నట్టుంది. ఇక్కడ నన్నూ తప్పించారు. జనవరి నుంచి మీ లేజర్ల పని రఘు చూస్తాడు. బుద్ధిమంతుడు, కొంచెం తొందర మనిషి, రోజుకి రెండుసార్లు తేదీ అడుగుతాడు. అతను నీకు ఏమీ కాడు. హాయిగా కాదను.

నీ మరదలు
భానుశ్రీ